ఈస్ట్ లేదు, మైదా లేదు: పులిసిన కర్రపెండలం పిండితో చీజ్ రోల్స్ (ప్రాజెక్టు డైరీ)

బ్రెజిల్‌లో, ముఖ్యంగా మీనాస్ జెరాయిస్ రాష్ట్రంలో, కాఫీతో తినే చిన్న గుండ్రటి చీజ్ రోల్స్‌ని ‘పాఁవ్ జి కేజు’ అంటారు. చీజ్ రొట్టె అని అర్థం. ఇందులో గోధుమ ఉండదు. ఈస్ట్, బేకింగ్ పౌడర్, వంటసోడా ఏదీ పడదు. అయినా ఓవెన్‌లో పెట్టిన పది నిమిషాలకే ఉండ ఉబ్బిపోతుంది. పైన పలచని కరకర, లోపల తేనెపట్టులాంటి గుల్ల, తుంచితే సాగే మెత్తదనం.

ఈ పొంగంతా పిండిదే. కర్రపెండలం పిండిని నీళ్ల కింద వారాల తరబడి పులియబెట్టి, ఎండలో ఆరబెడితే వచ్చేదాన్ని అక్కడ ‘పోల్వీల్యు అజేదు’ అంటారు, పుల్ల పిండి అన్నమాట. పులియబెట్టనిది ‘పోల్వీల్యు దోసి’, తీపి పిండి. నిజంగా తియ్యగా ఏమీ ఉండదు, పుల్లగా లేదని చెప్పడానికే ఆ పేరు. మన దగ్గర దొరికే టాపియోకా స్టార్చ్ ఈ రెండో రకం. దానొక్కదానితోనే చేసి, గోళీల్లా గట్టిగా వచ్చాయని చీజ్‌నో ఓవెన్‌నో తప్పుపట్టేవాళ్లు చాలామంది. అందుకే ఈ డైరీలో సగానికి పైగా పిండి గురించే. బేకింగ్ చివర్లో వస్తుంది.

కర్రపెండలం మనకు కొత్త గడ్డేమీ కాదు. సామర్లకోట, పెద్దాపురం చుట్టుపక్కల మిల్లుల్లో తయారయ్యే సగ్గుబియ్యమంతా దీని పిండే. పులియబెట్టడం, డాబా మీద ఎండబెట్టడం మనవాళ్లకు ఒకరు నేర్పాల్సిన పనులు కావు. జనవరి చివర్లో మొదలుపెడితే పిండి ఎండే సమయానికి మంచి ఎండలు వస్తాయి.

సరుకు దగ్గరే జరిగే పొరపాట్లు

ఒకేలా కనిపించే మూడు పిండులు దొరుకుతాయి. కావలసింది టాపియోకా స్టార్చ్: పాలలా తెల్లగా ఉంటుంది, వేళ్ల మధ్య నలిపితే కార్న్‌ఫ్లోర్‌లా కిర్రుమంటుంది. కసావా ఫ్లోర్ పనికిరాదు. అది గడ్డ మొత్తాన్ని ఎండబెట్టి ఆడించినది, పీచు కూడా అందులోనే ఉంటుంది. సగ్గుబియ్యాన్ని మిక్సీ పట్టిన పిండి కూడా పనికిరాదు. సగ్గుబియ్యం తయారీలోనే వేడి తగిలి పిండి రేణువులు సగం ఉడికిపోతాయి. నీళ్లు పోయగానే జిగురవుతుంది, అడుగున తేరుకోదు.

1వ రోజు: రెండు జాడీలు

గడ్డ జాడీ: 5 కిలోల పచ్చి కర్రపెండలం, ఉడకబెట్టి తినడానికి అమ్మే రకమే. పైన గోధుమరంగు తొక్కతో పాటు దాని కింద ఉండే మందపాటి తోలు కూడా పూర్తిగా తీసేయాలి. సయనైడ్‌ని విడుదల చేసే పదార్థాలు ఆ తోలులో ఎక్కువ. తురిమి, నీళ్లతో మిక్సీ పట్టి, పలచని గుడ్డలో పిండాం. పిప్పిని మళ్లీ రెండుసార్లు నీళ్లతో కలిపి పిండాం. నాలుగు గంటలకు పిండి అడుగున గట్టిగా తేరుకుంది. పైన ఉన్న పసుపుపచ్చ నీళ్లు వంచేసి, పిండి మీద పేరుకున్న బూడిదరంగు మడ్డిని చెంచాతో గీకేసి, మంచినీళ్లతో మరో రెండుసార్లు కడిగాం. ఆ మొదటి నీళ్లను, పచ్చి తొక్కను పశువులకు పెట్టకూడదు. ఎండిన లెక్కలో వచ్చిన పిండి 700 గ్రాములు దాటింది. మిల్లులో అయితే ఇంకా ఎక్కువ తీస్తారు. మిక్సీ, గుడ్డలతో ఇంతే.

ప్యాకెట్ జాడీ: 1 కిలో టాపియోకా స్టార్చ్, ఒకటిన్నర లీటర్ల నీళ్లు. ఈ పిండిని మిల్లులో బాగా కడిగి ఆరబెట్టేస్తారు కాబట్టి పులియడానికి కావలసిన సూక్ష్మజీవులు గానీ వాటికి మేత గానీ పెద్దగా మిగలవు. అందుకని పాలకు తోడు వేసినట్టు గడ్డ జాడీలోని తడి పిండి రెండు పెద్ద చెంచాలు, దాంతోపాటు తురిమిన పచ్చి గడ్డ రసం ఒక చెంచా వేశాం.

రెండింటికీ ఒకే షరతులు. గాజు జాడీ లేదా ఆహారానికి పనికొచ్చే ప్లాస్టిక్ డబ్బా వాడాలి. అల్యూమినియం, ఇనుము వద్దు, పులుపు వాటిని తినేస్తుంది. పిండి మీద ఎప్పుడూ 5 సెం.మీ. నీళ్లు నిలిచి ఉండాలి. మూత వదులుగా, జాడీ నీడలో. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటే కాచి చల్లార్చి పోయాలి. ఉప్పు, చక్కెర, పెరుగు ఏమీ వేయలేదు.

3 నుంచి 9వ రోజు

మూడో రోజుకే గడ్డ జాడీలో బుడగలు. ఆరో రోజుకి పైన సన్నని నురగ. ప్యాకెట్ జాడీ అప్పటికింకా నిద్రలోనే ఉంది. ఈ దశలో రోజూ కలిపి చూడాలనిపిస్తుంది, కలపకూడదు. గాలి తగలని అడుగునే అసలు పులుపు పుడుతుంది.

తొమ్మిదో రోజు ప్యాకెట్ జాడీ నీళ్ల మీద ముడతలు పడ్డ తెల్లటి పొర కట్టింది. చెంచాతో తీసేసి, తగ్గిన మేర నీళ్లు పోశాం. అది హాని చేయని పొర. గులాబీ, నలుపు, ఆకుపచ్చ రంగుల్లో గానీ నూగుగా గానీ బూజు కనిపిస్తే మాత్రం జాడీ మొత్తం పారేయాల్సిందే, పై పొర తీసి సరిపెట్టుకోవడం కుదరదు. అలా అయ్యేది చాలావరకు నీళ్లు ఇంకి పిండి బయటపడినప్పుడు.

14 నుంచి 32వ రోజు

వాసనను బట్టి దశలు తెలుస్తాయి. మొదట పులిసిన అట్లపిండి వాసన, తర్వాత సిర్కా (వెనిగర్) ఘాటు, చివర్లో నిలవ వెన్నను గుర్తుచేసే చీజ్ వాసన. లాక్టిక్, ఎసిటిక్ ఆమ్లాలతో పాటు బ్యుటిరిక్ ఆమ్లం కూడా కొంచెం పుట్టడం వల్ల అది వస్తుంది. కుళ్లిన మాంసం వాసన వస్తే మాత్రం విడత చెడినట్టే.

18వ రోజు పులుపు కొలిచే పీహెచ్ కాగితం గడ్డ జాడీలో 4 కంటే తక్కువ చూపించింది (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ). 24వ రోజుకి బుడగలు ఆగిపోయాయి. పై నీళ్లు వంచి చూస్తే పిండి గడ్డ ఉపరితలంపై పురుగు తొలిచినట్టు సన్నని రంధ్రాలు: లోపల పుట్టిన గ్యాస్ బయటికి వచ్చిన దారులు. ఇదే దింపే సమయం. ప్యాకెట్ జాడీకి ఆ స్థితి 32వ రోజుకి వచ్చింది, రంధ్రాలు కూడా తక్కువ. ఊరి వేడిని బట్టి ఈ రోజులు మారతాయి కాబట్టి క్యాలెండర్‌ని కాక బుడగలు ఆగడాన్ని, పీహెచ్‌ని నమ్మాలి.

ఎండ: ఈ పనికి గుండెకాయ

ఎండ అవసరం ఆరడానికే అనుకుంటే ఇక్కడే దెబ్బతింటాం. పులుపులో నానిన పిండి రేణువుల మీద సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు పడితే స్టార్చ్ గొలుసులు కొంతమేర తెగి, వాటి స్వభావమే మారుతుంది. అలా మారిన పిండి ఓవెన్‌లో ఆవిరికి చిరిగిపోకుండా సాగుతుంది. గోధుమలో సాగే ప్రోటీన్ అయిన గ్లూటెన్ చేసే పనిలో కొంత ఇది చేస్తుందనుకోవచ్చు. పులుపు ఉండి ఎండ లేకపోయినా, ఎండ ఉండి పులుపు లేకపోయినా ఆ గుణం సరిగ్గా రాదు. ప్రయోగశాలల్లో పిండికి లాక్టిక్ ఆమ్లం పట్టించి అతినీలలోహిత దీపాల కింద పెట్టినా పొంగు పెరిగింది. ఆరబెట్టే పొయ్యి వేడి ఆ పని చేయలేదు.

గడ్డలా బిగుసుకున్న పిండిని కత్తితో కోసి, చిదిమి, మోటు జల్లెడ పట్టి, తెల్లటి పాత పంచె మీద అర సెం.మీ. మందానికి మించకుండా పరిచాం. గంటకోసారి చేత్తో కలిపి అడుగుది పైకి తెచ్చాం, కిరణాలు పై పొరకే తగులుతాయి కాబట్టి. ఈగల కోసం నాలుగు ఇటుకల మీద ఎత్తుగా దోమతెర. దుమ్ము పడుతుందని మందపాటి గుడ్డ కప్పితే కిరణాలు ఆగిపోతాయి. కిటికీ అద్దం వెనక పెట్టినా అంతే, కావలసిన కిరణాల్లో ఎక్కువ భాగాన్ని అద్దమే మింగేస్తుంది. గాలి ఎక్కువున్న రోజు ఈ పని పెట్టుకోకూడదు. ఆరే కొద్దీ పిండి పౌడర్‌లా లేచిపోయి, చివరికి పక్కింటి డాబా తెల్లబడుతుంది.

రెండు రోజులు, మొత్తం పది గంటల ఎండ. గుప్పిట్లో పట్టి నొక్కి వదిలితే ముద్ద కట్టకుండా రాలిపోవాలి. చెమ్మ ఉండగా డబ్బాకి ఎత్తితే వారంలో ముక్కిపోతుంది. పోలిక కోసం గడ్డ జాడీ పిండిలో 100 గ్రాములు విడిగా తీసి గదిలో ఫ్యాను కింద ఆరబెట్టాం.

36వ రోజు: చీజ్ లేకుండా పరీక్ష

చీజ్, గుడ్డు కలిస్తే తప్పు ఎవరిదో తేలదు. అందుకని పిండి, నీళ్లు మాత్రమే. 50 గ్రాముల పిండి, 1 గ్రాము ఉప్పు, 40 మి.లీ. సలసల కాగే నీళ్లు. కలిపి పిసికి 15 గ్రాముల ఉండలు, 200 డిగ్రీల దగ్గర 25 నిమిషాలు. చల్లారాక తూకం వేసి, ఆవాల డబ్బాలో ముంచి ఘనపరిమాణం కొలిచాం: డబ్బా నిండా ఆవాలు పోసి తలకొట్టి, కొన్ని తీసి, ఉండ పెట్టి మళ్లీ పోస్తే మిగిలిపోయిన ఆవాలే ఉండ పరిమాణం.

పులియని ప్యాకెట్ పిండి: గ్రాముకు 3 మి.లీ. పగలగొడితే లోపల జిగురు, ఒకవైపు చీలిక. అదే పిండిని తడిపి ఎండబెట్టినది: దాదాపు అంతే. పులిసి నీడలో ఆరినది: 4 మి.లీ., రుచి పుల్లగానే ఉంది కానీ పొంగు లేదు. పులిసి ఎండలో ఆరిన గడ్డ పిండి: 9 మి.లీ., చేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. పులిసి ఎండిన ప్యాకెట్ పిండి: 7 మి.లీ. గడ్డ తురమడానికి ఒక పూట పడుతుంది. ఓపిక లేనివాళ్లకు ప్యాకెట్ దారి చాలు.

38వ రోజు: బేకింగ్, మొదటి మూడు విడతలు

మొదటి విడతలో మొత్తం పుల్ల పిండే వాడాం. పొంగు విపరీతం, కానీ లోపల అంతా ఖాళీ గూడు, నమిలితే పొడిపొడి, నాలుక మీద పులుపు మిగిలింది. బ్రెజిల్‌లోనూ చాలామంది రెండు పిండులు కలిపే చేస్తారు. పుల్లది పొంగుకి, తీపిది సాగే గుణానికి. 60:40 దగ్గర ఆగాం.

రెండో విడతలో ప్రాసెస్డ్ చీజ్ క్యూబులు తురిమి వేశాం. ఈ చీజ్‌లో కొవ్వు, నీళ్లు విడిపోకుండా పట్టి ఉంచే లవణాలుంటాయి. అవి పిండిని వదులు చేశాయి. ఉండలు నిలబడక పెసరట్టుకు తమ్ముళ్లలా పరుచుకున్నాయి. ఉప్పు కూడా ఎక్కువైంది. ఈ చీజే వాడాలంటే పాలు 20 మి.లీ. తగ్గించి, ఉప్పు పూర్తిగా మానేయాలి.

మూడో విడతలో మొజరెల్లా మాత్రమే. వేడిగా ఉన్నప్పుడు తీగలు సాగి ఫొటోకి బాగుంటుంది. పదిహేను నిమిషాలకు లోపల రబ్బరు. చీజ్ రుచి దాదాపు లేదు.

మీనాస్‌లో వాడేది సగం ముదిరిన చీజ్: కొంచెం గట్టిది, కొంచెం పుల్లనిది, తురమడానికి వీలైనది. అది ఇక్కడ దొరకదు. దానికి దగ్గరగా వచ్చిన కలయిక: ముదిరిన చెడ్డార్ 70 గ్రాములు, నీళ్లు పిండేసి తురిమిన పనీర్ 35, పర్మెజాన్ 20. పనీర్ కరగదు కాబట్టి ఉండకు నిలకడనిస్తుంది, చెడ్డార్ రుచినిస్తుంది. పనీర్ ఒక్కటే వేస్తే చప్పగా, పలుకులుగా వస్తుంది. శాకాహారులు పర్మెజాన్ ప్యాకెట్ మీద పచ్చ చుక్క చూసి కొనాలి. ఇటలీ అసలు రకంలో పాలు గడ్డకట్టడానికి దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ అనే ఎంజైమ్ వాడతారు.

41వ రోజు: నిలిచిన కొలత

20 రోల్స్‌కి: పుల్ల పిండి 150 గ్రాములు, మామూలు టాపియోకా స్టార్చ్ 100, పాలు 80 మి.లీ., నీళ్లు 40 మి.లీ., వాసన లేని నూనె 50 మి.లీ., ఉప్పు 3 గ్రాములు, ఒక పెద్ద గుడ్డు (పెంకు లేకుండా 55 గ్రాములు), పై చీజ్ కలయిక 125 గ్రాములు.

పిండులు రెండూ వెడల్పాటి బేసిన్‌లో కలిపి పెట్టుకోవాలి. పాలు, నీళ్లు, నూనె, ఉప్పు లోతైన గిన్నెలో మరిగించాలి. లోతు లేని గిన్నె అయితే పాలు పొంగి నూనెతో సహా పొయ్యి మీదకి వస్తాయి. బాగా తెర్లుతున్నప్పుడే ఒక్కసారిగా పిండి మీద పోసి గరిటెతో కలపాలి. గోరువెచ్చగా పోస్తే పిండి ఉడకదు, జిగురు రాదు, ఆవిరిని పట్టి ఉంచే గోడ కట్టదు. చలిమిడి కలిపేటప్పుడు పాకం పదును తప్పితే ఏమవుతుందో ఇక్కడా అలాంటిదే. ఈ దశలో తెల్లటి పొడి, పారదర్శకమైన ముద్దలు కలగాపులగంగా కనిపించడం మామూలే.

చేయి పెట్టగలిగేంత చల్లారాకే గుడ్డు. వేడి మీద వేస్తే తెల్లసొన అక్కడక్కడ ఉడికి పలుకులవుతుంది. గిలకొట్టిన గుడ్డును మూడు దఫాలుగా పోస్తూ, ప్రతి దఫా పూర్తిగా ఇంకేదాకా అరచేతి మడమతో రుద్దాలి. మొదట జారుడుగా, ముద్దలుగా ఉండి విసుగు పుట్టిస్తుంది. ఆరేడు నిమిషాలకు నునుపుగా మారుతుంది. గుడ్లు చిన్నా పెద్దా ఉంటాయి కాబట్టి చివరి దఫా మొత్తం పోయకుండా చూసుకోవాలి: చేతికి కొంచెం అంటుతూ, నూనె రాసుకుంటే ఉండ కట్టగలిగేంత మెత్తదనం చాలు. చీజ్ ఆఖర్న వేసి, కలిసే దాకా మాత్రమే కలపాలి.

30 గ్రాముల ఉండలు. తూకం వేసే చేయాలి, చిన్నవి మాడేసరికి పెద్దవి పచ్చిగా ఉంటాయి. పళ్లెంలో ఒక్కోదాని మధ్య 4 సెం.మీ. ఖాళీ.

ఓటీజీ (బల్ల మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్) గురించి ఒక్క మాట: బటన్ మీద 200 అని ఉన్నంత మాత్రాన లోపల 200 ఉన్నట్టు కాదు. ఈ పనికి వాడిన ఓటీజీలో లోపల పెట్టిన థర్మామీటర్ 175 దగ్గరే ఆగింది. బటన్‌ని 225కి తిప్పితేనే 200 వచ్చింది. పై రాడ్, కింది రాడ్ రెండూ వేసి, 20 నిమిషాలు ముందుగా వేడి చేసి, పళ్లెం మధ్య అరలో పెట్టాలి. అసలు వేడి 200 డిగ్రీలు, 22 నుంచి 25 నిమిషాలు. మొదటి పదిహేను నిమిషాలు తలుపు తెరవకూడదు. అప్పటికి ఉండ ఆవిరితో ఉబ్బి ఉంటుంది, పెంకు గట్టిపడి ఉండదు. తెరిస్తే కుంగుతుంది, తర్వాత ఎంత కాల్చినా లేవదు. రంగు ముదురుగా రాదు. లేత బంగారు రంగు, మీద చీజ్ చుక్కలు గోధుమరంగుకి తిరగడం చాలు. ఒకటి తీసి మీద గోరుతో కొడితే బోలుగా మోగాలి.

వచ్చిన దోషాలు, కారణాలు. పరుచుకుపోవడం: గుడ్డు ఎక్కువ, లేదా ఓవెన్ వేడెక్కలేదు. పైన పెద్ద చీలికలు: పిండి పొడిగా ఉంది, ఇంకో రెండు చెంచాల పాలు పట్టేది. బయటికి తీశాక ముడుచుకోవడం: మూడు నాలుగు నిమిషాలు ముందే తీశారు. అడుగున నూనె మడుగు: చీజ్ మోతాదు మించింది, పిండిలో సగం బరువు కంటే ఎక్కువ వేస్తే రుచి పెరగదు, బరువే పెరుగుతుంది. లోపల తడి జిగురు మాత్రం కొంతవరకు దీని సహజ గుణం, కేకులా ఆరిపోవాలని కాల్చుకుంటూ పోతే రాళ్లవుతాయి.

గుడ్డు తినని ఇంటికి ఇంకో విడత చేశాం: గుడ్డు బదులు పాలు 40 మి.లీ., నూనె 10 మి.లీ. అదనం. పొంగు తగ్గింది, పెంకు ఇంకాస్త కరకరలాడింది. తినడానికి బాగున్నాయి, కాకపోతే వేడిగా ఉండగానే.

44వ రోజు: నిలవ

చల్లారిన రోల్ రెండు గంటల్లో తోలులా మారుతుంది. స్టార్చ్ మళ్లీ బిగుసుకోవడమే కారణం. ఓటీజీలో 170 దగ్గర ఐదు నిమిషాలు పెడితే తిరిగి మెత్తబడుతుంది. మైక్రోవేవ్‌లో పెడితే ఒక్క నిమిషం మెత్తగా ఉండి ఆ తర్వాత నమలలేనంతగా సాగుతుంది.

అందుకే కాల్చినవి నిలవ చేయడం దండగ. పచ్చి ఉండల్ని పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా డీప్ ఫ్రీజర్‌లో మూడు గంటలు పెట్టి, గట్టిపడ్డాక సంచిలో వేశాం. కరగనివ్వకుండా నేరుగా 190 డిగ్రీల ఓవెన్‌లో, 30 నిమిషాలు. తాజాగా చేసినవాటికి దాదాపు సమానంగా పొంగాయి. కరిగాక కాల్చిన నాలుగు మాత్రం అడుగున చెమ్మ పట్టి పళ్లేనికి అతుక్కున్నాయి.

ఎండిన ప్యాకెట్ పిండి అరకిలోకి పైగా గాజు సీసాలో మిగిలి ఉంది. గడ్డ పిండి అయిపోయింది. జాడీ కడిగి ఇవాళే రెండో విడత నీళ్లలో వేశాం, ఈసారి ప్యాకెట్ పిండికి మొదటి విడత పులుపు నీళ్లే అర లీటరు తోడుగా. ఏప్రిల్ ఎండలోకి అందుతుంది. వానలు పడ్డాక ఈ పని కుదరదు.